నీటికాసుల శస్త్రచికిత్స తరువాత మరియొక శస్త్రచికిత్స

నీటికాసుల వ్యాధికి ఒకసారి శస్త్రచికిత్స జరిగిన కంటికి మరల శస్త్రచికిత్స చేయవలెనని వైద్యుడు చెప్పినప్పుడు ఇంటిల్లిపాదికిని తోచు మొదటి మాట, "మొదటిది చెడిపోయినది" అని. రెండవ మాట, "చెడిన కంటిని మరల కోయించి ఉన్న చూపును కూడ ఎందుకు పోగొట్టుకొనవలె?" అని. ఈ రెండు మాటల నడుమ కొన్ని నెలలు గడచిపోవును. కొందరి విషయమున ఆ నెలలలోనే అసలు నష్టము జరిగిపోవును. కనుక ఈ సవరణ శస్త్రచికిత్సలనగా నేమి, అవి దేనిని సరిదిద్దగలవు, దేనిని సరిదిద్దలేవు, వాని ఫలితములను ఏ కొలతతో చూడవలెను అను విషయములను కొంత వివరముగ చెప్పదలచినాము.

ముందుగా కంటి నిర్మాణమును గూర్చి రెండు మాటలు. కంటి ముందుభాగమున, లోపల, స్వచ్ఛమైన ద్రవమొకటి నిరంతరము ఊరుచుండును. ఇది కన్నీరు కాదు. కన్నీరు కంటికి వెలుపల ఊరునది. ఈ లోపలి ద్రవము నిమిషమునకు సుమారు రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున మాత్రమే పుట్టును. ఒక్క బొట్టు తయారగుటకు ఇంచుమించు ఇరువది నిమిషములు పట్టునన్నమాట. పుట్టిన ద్రవము నల్లగుడ్డు అంచున, రంగుతెర మొదట నుండు సన్నని జల్లెడవంటి మార్గమున బయటకు పోయి రక్తములో కలియును. రాకపోకలు సరిగా నున్నంతకాలము కంటిలోని ఒత్తిడి సాధారణముగ 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసము వరకు నుండును. పోవు దారి మూసికొన్నచో ఒత్తిడి పెరుగును. కంటి వెనుకనుండి మెదడునకు పోవు దృష్టినాడి తంతువులు కొంచెము కొంచెముగ నశించును. చూపు ప్రక్కలనుండి తరుగుచు వచ్చును గనుక రోగికి తెలియదు. ఒత్తిడి ఈ హద్దులలోనే యుండి కూడ నాడి చెడు వారు కలరు. ఆ సంగతి వేరొక ప్రసంగమునకు తగినది.

మన చెరువుల నెరిగిన వారికిది సులభముగ బోధపడును. చెరువులోనికి వచ్చు నీరు ఆగలేదు, తూము పూడినది, నీరు పెరిగి కట్టను ఒత్తుచున్నది. చుక్కల మందులలో కొన్ని వచ్చు నీటిని తగ్గించును, కొన్ని పోవు దారిని విప్పును. అవి చాలనప్పుడు శస్త్రవైద్యుడు కట్టకు క్రొత్త తూము పెట్టును. అయితే చెరువునకును కంటికిని ఒక భేదము గలదు. తనకు పెట్టిన తూమును తానే పూడ్చుకొనవలెనను పట్టుదల చెరువుకట్టకు ఉండదు, కంటికి ఉండును. గాయమును మాన్పుకొనుట శరీర స్వభావము. తక్కిన శస్త్రచికిత్స లన్నింటను గాయము చక్కగా మానుట వైద్యుడు కోరునది. ఇచ్చట గాయము పూర్తిగ మానుటయే పరాజయము. సగము మానవలెను, సగము మానరాదు. ఈ సగమును పట్టుకొనుట ఎంత నేర్పరికైనను పూర్తిగ చేతిలోని పని కాదు. తరువాత మేము చెప్పబోవు చిక్కులన్నియు దీనినుండి పుట్టినవే.

ఇట్లు కంటికి క్రొత్త తూము పెట్టు విద్యలో మన దక్షిణదేశమునకు చెప్పుకొనదగిన భాగమున్నది. 1850 తరువాతి సంవత్సరములలో బెర్లిను నగరమున ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ అను నేత్రవైద్యుడు రంగుతెరలో ఒక ముక్కను కత్తిరించి నీటికాసులలో ఒక తెగను కుదుర్చవచ్చునని చూపెను. మెల్లగా ముదురు తెగకు ఆ పద్ధతి అంతగ పనికిరాలేదు. 1909లో మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు అధిపతిగ నున్న రాబర్టు హెన్రీ ఎలియట్ అను ఆంగ్లవైద్యుడు, ట్రెఫైన్ అను గుండ్రని అంచుగల చిన్న కోతసాధనముతో తెల్లగుడ్డు నల్లగుడ్డు కలియుచోట సన్నని రంధ్రము చేసి, దానిపై కంటిపొరను కప్పు పద్ధతిని ఆరంభించెను. కోస్తా జిల్లాలును రాయలసీమయును ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. 1819లో స్థాపితమైన ఆ వైద్యశాల ఎగ్మూరులో నేటికిని పనిచేయుచున్నది. ఎలియట్ పేరు మీదుగ ఒక ప్రదర్శనశాలయు అచ్చట గలదు. మద్రాసులో పుట్టిన ఆ పద్ధతి దేశదేశములకు వ్యాపించి చాలకాలము నిలిచినది.

ఎలియట్ తూమునకు ఒక్క లోపము: తలుపు లేదు. ద్రవము రంధ్రము గుండ ఎంత పోదలచిన అంత పోవును. కొన్ని కండ్లలో ఒత్తిడి మరీ పడిపోయి కంటి ముందరి అర ఖాళీయై, రంగుతెర నల్లగుడ్డునకు అంటుకొనుట, శుక్లము తొందరగ ముదురుట జరిగెడివి. పైన కప్పిన పొర ఏండ్లు గడచినకొలది పలుచబడి, దానిగుండ క్రిములు లోనికి చొరబడి కన్ను పోయిన సందర్భములును ఉండెను. 1968లో కేంబ్రిడ్జి వైద్యుడు జాన్ కెయిర్న్స్ ప్రకటించిన ట్రాబెక్యులెక్టమీ అను పద్ధతిలో రంధ్రముపై తెల్లగుడ్డు నుండియే సగము మందమున చీల్చిన ఒక మూత యుండును. దానిని సన్నని దారముతో కుట్టుదురు. ఇచ్చట ఒక చిన్న వింత గలదు. తాను చేయునది క్రొత్త తూము కాదనియు, పాత కాలువకే ముఖము విప్పుచున్నాననియు కెయిర్న్స్ మొదట తలచెను. ద్రవము వాస్తవముగ మూత అంచులనుండి వెలికివచ్చి కంజంక్టైవా అను పైపొర క్రింద చేరుచున్నదని తరువాత తేలినది. ఊహ నిలువకున్నను శస్త్రచికిత్స నిలిచినది. ఇప్పటికిని ఎక్కువ దేశములలో నీటికాసులకు చేయు పెద్ద శస్త్రచికిత్స ఇదియే.

పైపొర క్రింద ద్రవము చేరినచోట, పైరెప్ప చాటున, మెత్తని ఉబ్బు ఏర్పడును. వైద్యులు దానిని బ్లెబ్ అందురు. మనము బొబ్బ అందము. ఈ బొబ్బ ఆరోగ్యముగ నున్నంతకాలము తూము పారుచున్నట్లే. అది మచ్చకట్టి గట్టిపడకుండుటకై 1983లో తైవాను వైద్యుడు చెన్ మైటోమైసిన్ అను ఔషధమును వాడి చూచెను. ఇది కేన్సరుకు వాడు మందు. శస్త్రచికిత్స సమయమున కొన్ని నిమిషములు తాకించినచో మచ్చకట్టు కణములు చాలకాలము పెరుగవు. ఒత్తిడి తగ్గుటలో దీని ఉపకారము గొప్పది. కాని మచ్చను కట్టనీయని మందు, పొరను బలపడనీయని మందు కూడ అగును. మునుపటికంటె పలుచని, రక్తనాళములు లేని, తెల్లని బొబ్బలు ఎక్కువగ కానవచ్చినవి. అట్టి బొబ్బలే కారును, అట్టివానికే క్రిమిదోషము తగులును. తరువాతి కాలమున మందును విశాలమైన చోట పరచి తాకించుట, పైపొరను కోయు తీరును మార్చుట మొదలగు జాగ్రత్తలవలన ఈ దోషము కొంత తగ్గినది.

ఇక చిక్కుల విషయము. శస్త్రచికిత్స జరిగిన మొదటి కొన్ని వారములలో ద్రవము కావలసినదానికంటె ఎక్కువ పారుట సాధారణమే. ఒత్తిడి 5 మిల్లీమీటర్లకు దిగును, కంటి గోడ లోపలి పొర క్రింద నీరు చేరును, చూపు మసకబారును. ఇందు ఎక్కువ భాగము చుక్కల మందులతోడను, ఓర్పుతోడను సర్దుకొనును. ఈ దశలో తొందరపడి కత్తి పట్టని వైద్యుడే మంచి వైద్యుడని మా అభిప్రాయము. ముందరి అర పూర్తిగ మూసికొని, లోపలి కటకము నల్లగుడ్డును తాకుచున్నప్పుడు మాత్రము ఆగరాదు. నెలల మీదట, ఏండ్ల మీదట వచ్చు చిక్కులు మరియొక రకమువి. బొబ్బ పలుచబడి కారుట, ఒత్తిడి మరీ తక్కువగ నిలిచిపోవుట, బొబ్బ పెరిగి నల్లగుడ్డుపైకి జారుట, క్రిమిదోషము; ఇవి తూము మితిమీరి పారుటవలన కలుగునవి. బొబ్బ మచ్చకట్టి ఒత్తిడి మరల పెరుగుట తూము పూడుటవలన కలుగునది.

సవరణ ఎందరికి అవసరమగును? అమెరికాలో 212 కండ్లపై జరిపి, ఐదేండ్ల ఫలితములను 2012లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ పరిశోధనను చూతము. కొన్ని కండ్లకు ట్రాబెక్యులెక్టమీయు, కొన్నింటికి సన్నని గొట్టము అమర్చు శస్త్రచికిత్సయు చేసిరి. ఐదేండ్లలో చిక్కుల నిమిత్తము మరల శస్త్రచికిత్స కావలసివచ్చినవి గొట్టము పెట్టినవారిలో నూటికి 22, ట్రాబెక్యులెక్టమీ జరిగినవారిలో నూటికి 18. ఇవన్నియు అంతకుముందు ఒకసారైనను కత్తి తాకిన కండ్లు. మొదటిసారి చేయించుకొనువారికి ఈ లెక్కను యథాతథముగ అన్వయింపరాదు. అయినను అట్టి కండ్లలో ఇంచుమించు ఐదింట ఒకదానికి సవరణ అవసరమైనదని తెలియుచున్నది. చెరువునకు తూము పెట్టిన తరువాత నీరటి అక్కరలేదని ఎవరనుకొందురు? ఏటేట తూమును చూచుకొనుట చెరువు వ్యవసాయములో భాగము.

ఇప్పుడు ఒక్కొక్క సవరణను, దాని ఫలితమును చూతము. మొదట కారుచున్న బొబ్బ. దీనిని కనుగొను పరీక్ష బహు సులభమైనది. ఒక రంగు పూసిన కాగితపు పట్టీని కంటికి తాకించి నీలివెలుగులో చూచినచో, కారుచోట పసుపు రంగు నడుమ సన్నని ధార కానవచ్చును. కొన్ని చిన్న కారులు మందులతోను, పెద్ద కంటిబిళ్లను కొన్నాళ్లు అమర్చుటతోను మూసికొనును. మూసికొననప్పుడు శస్త్రవైద్యుడు చెడిన పొరను తొలగించియో, అట్లే యుంచియో, దాని వెనుకనున్న ఆరోగ్యమైన పొరను ముందుకు లాగి కుట్టివేయును. దీని ఫలితము మంచిది. 2000లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో కారుచున్న బొబ్బలు గల 30 కండ్లను తీసికొని, సగమునకు రోగి సొంత పొరను ముందుకు లాగి కుట్టిరి. తక్కిన సగమునకు ప్రసూతి సమయమున లభించు మాయపొరను అతికిరి. సగటున 19 నెలలు చూడగా సొంత పొరతో బాగుచేసినవానిలో ఒక్కటియు చెడలేదు. మాయపొర అతికిన 15 కండ్లలో 7 చెడినవి. చిన్న పరిశోధనయే కాని ఫలితము స్పష్టము. ఉన్నచోట సొంత పొరకు మించినది లేదు. పలుమార్లు కోతపడి పొర కరవైన కండ్లలోనే ఇతర మార్గములు వెదకవలసివచ్చును.

కారుటను ఎందుకింత పట్టించుకొనవలెను? కంటికి నొప్పి లేదు, చూపు కూడ బాగుగనే యుండవచ్చును, ఒత్తిడి తక్కువగనే యున్నది. రోగి సంతోషించుటకు కారణములన్నియు కలవు. అయితే ద్రవము బయటకు రాగల దారి క్రిములు లోనికి పోగల దారియే. జపానులో 1,098 కండ్లను ఐదేండ్లు పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, బొబ్బకు క్రిమిదోషము మొత్తము మీద నూటికి 2.2 కండ్లకు కలిగినది. కారుట కలిగిన కండ్లలో మాత్రము నూటికి 7.9. క్రిమి బొబ్బలోనే యున్నప్పుడు గట్టి చుక్కల మందులతో చాలవరకు కుదురును. కంటి నడుమనుండు జిగురు భాగమునకు చేరినచో ఔషధములను కంటిలోనికి సూదితో ఎక్కింపవలెను, ఒక్కొక్కప్పుడు ఆ జిగురునే తీసివేయవలెను. అట్టి కండ్లలో చూపు నిలుచుట అరుదు. మేము ఈ వ్యాసమున చెప్పు చిక్కులలో గంటల లెక్కన పరుగెత్తవలసినది ఇది యొక్కటే. తెల్లవారి చూతమనుకొన్నచో తెల్లవారునప్పటికి కన్ను ఉండకపోవచ్చును.

ఇక కారుట లేకుండగనే ఒత్తిడి మరీ పడిపోయిన కన్ను. ఇది చాలమందికి వింతగ తోచును. ఒత్తిడి తగ్గింపవలెననియే గదా ఇంత పాటుపడినది, తగ్గిన కొలది మంచిది కాదా అందురు. కాదు. బంతిలో గాలి తగ్గినచో గోడలు ముడుతలు పడునట్లు, ఒత్తిడి లేని కంటిలో వెనుకనుండు నేత్రపటలము ముడుతలు పడును. చూపునకు కేంద్రమైన చోటనే ఆ ముడుతలు పడినచో అక్షరములు వంకరగ కానవచ్చును, చూపు మసకలగును. వయసున చిన్నవారికిని, దూరపుచూపు తక్కువయై మైనస్ అద్దములు పెట్టుకొనువారికిని ఈ చిక్కు ఎక్కువ. వారి కంటిగోడ మెత్తనిది గనుక తేలికగ ముడుచుకొనును.

నలువది యేండ్ల వయసున్న ఒక ఉపాధ్యాయుని ఊహించుకొందము. చిన్ననాటినుండి మైనస్ అద్దములు. ఏడాది క్రిందట నీటికాసులకు శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు ఒత్తిడి 3. పరీక్షకాగితములు దిద్దుటకు కూర్చున్నచో గీతలు అలలవలె కదలుచున్నవి. అద్దములు మార్చి చూచినాడు, ప్రయోజనము లేదు. ఈయనకు మూతను మరల తెరచి, పారుటకు తగినంత సందు మాత్రము విడిచి, గట్టిగ కుట్టుదురు. కొందరు వైద్యులు పైపొరను విప్పకుండగనే దానిమీదుగ కుట్లు వేయుదురు. ఒత్తిడి పదికి పైగ వచ్చినచో పటలపు ముడుతలు చాలమందిలో సర్దుకొనును. చూపు మరునాడే రాదు. వారములు, నెలలు పట్టును. ముడుతలు చాలకాలము నిలిచినచో పటలము చదునైన తరువాత కూడ గీతలు కొంత వంకరగనే కానవచ్చు ప్రమాదమున్నది. చాలకాలము తరువాత సరిదిద్దినను చూపు తిరిగివచ్చినవారును కలరు గనుక ఆలస్యమైనదని వదలివేయుటయు తగదు. అయితే ముందుగ చేయించుకొన్నవారికే ఆశ యెక్కువ.

ఇచ్చటనే ఫలితములను కొలుచు విషయము వచ్చుచున్నది. సవరణ శస్త్రచికిత్స జయమైనదని ఒక వైద్యుడు చెప్పినప్పుడు, జయమనగా నేమని అడుగవలెను. కారుట ఆగుట ఒక జయము. ఒత్తిడి తగిన హద్దులలో నిలుచుట రెండవది. చూపు మెరుగగుట మూడవది. మొదటిది చాలమందిలో లభించును. రెండవది కొందరిలోనే మందులు లేకుండ లభించును. మితిమీరి పారు తూమును బిగించినప్పుడు అది కొన్ని కండ్లలో కావలసినదానికంటె ఎక్కువ బిగియును. ఒత్తిడి పెరిగి, మానివేసిన చుక్కల మందులు మరల మొదలుపెట్టవలసివచ్చును. కొందరికి నీటికాసుల కొరకు ఇంకొక శస్త్రచికిత్సయే కావలెను. వైద్యులు దీనిని దాచరు గాని చెప్పు తీరికయు అందరికి ఉండదు. మాకు తోచినంతవరకు ఇది ఒక మారకము. క్రిములకు తెరచిన దారి మూయుటకై, రోజుకు రెండు చుక్కల మందును ధరగ చెల్లించుట. ఆ బేరము చాలమందికి లాభమే. కాని బేరమని ముందుగ తెలియనివారు, మరల చుక్కలు వ్రాసిన నాడు మోసపోయితిమనుకొందురు.

మూడవది చూపు. నీటికాసులవలన దృష్టినాడిలో నశించిన తంతువులు ఏ శస్త్రచికిత్సవలనను తిరిగిరావు. మొదటి శస్త్రచికిత్సయు వానిని తేలేదు, రెండవదియు తేలేదు. పటలపు ముడుతలవలన, శుక్లమువలన, నల్లగుడ్డుపైకి జారిన బొబ్బవలన తగ్గిన చూపు మాత్రము సవరణవలన మెరుగు కావచ్చును. కనుక చూపు తగ్గుటలో ఏ భాగము దేనివలన కలిగినదో వైద్యుని ముందుగ అడిగి తెలిసికొనుట మేలు. మన వారిలో మొదటి శస్త్రచికిత్సకే చాల ఆలస్యముగ వచ్చువారు ఎక్కువ. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థ 1996లో ఆరంభించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల పరిశీలనలో, ఆ నగరమున మెల్లగా ముదురు నీటికాసులు గలవారిలో నూటికి తొంబదిమందికి పైగ తమకు వ్యాధి యున్నట్లే అంతవరకు ఎరుగరని తేలినది. అట్టివారికి మిగిలియున్న చూపు కొద్దిపాటిది. ఆ కొద్దిపాటిని కాపాడుటయే వారి విషయమున పెద్ద ఫలితము.

పూడిన తూము మాట కొంత తేలిక. బొబ్బ మచ్చకట్టినచో సన్నని సూదిని పొర క్రింద దూర్చి మచ్చను చీల్చుదురు. మచ్చను ఆపు మందును కూడ ఎక్కింతురు. చిన్న పని, కొద్ది నిమిషములలో ముగియును. కాని ఫలితము ఎంతకాలము నిలుచునో చెప్పలేము. కొందరికి రెండుమూడు మార్లు చేయవలసియుండును. శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలలో చేసినదానికి, మచ్చ ముదిరిన తరువాత చేసినదానికంటె ఆశ యెక్కువ. మూత కుట్లు మరీ బిగువైనచో తొలి వారములలోనే లేసరు కిరణముతో ఒక కుట్టును తెంచుట కలదు. అది సవరణ అనదగినంత పని కాదు.

గొట్టముల చిక్కు వేరు. 1969లో మోల్టెనో అను వైద్యుడు దక్షిణాఫ్రికాలో ఆరంభించిన ఈ పద్ధతిలో సన్నని గొట్టము కంటిలోనికి, దానికి కలిపిన పళ్లెము కంటి వెనుకకు అమర్చుదురు. మధురలోని ఆరోల్యాబ్ సంస్థ 2013 నుండి తక్కువ వెలకు ఇట్టి సాధనమును తయారుచేయుచుండుటవలన మన ప్రాంతముల పేదవారికి కూడ ఇది అందుబాటులోనికి వచ్చినది. గొట్టముపై కప్పిన పొర అరిగిపోయి గొట్టము బయటపడుట దీనికి పెద్ద చిక్కు. దానమిచ్చిన కండ్లనుండి తీసిన తెల్లగుడ్డు ముక్కనో, నల్లగుడ్డు ముక్కనో అడ్డువేసి పొర కుట్టుదురు. చాలవరకు నిలుచును, ఒకసారి బయటపడిన గొట్టము మరల బయటపడుటయు కలదు. అప్పుడు గొట్టమును వేరొక చోటికి మార్చుదురు, లేదా తీసివేయుదురు. నేత్రదానమనగా అంధునకు చూపు వచ్చుట యొక్కటే మనకు గుర్తువచ్చును. ఇట్లు ఒక చిన్న ముక్క మరియొకరి కంటికి మాసికయై కాపాడుటయు దానిలోనిదే.

శుక్లమును గూర్చి ఒక్క మాట. నీటికాసుల శస్త్రచికిత్స తరువాత శుక్లము త్వరగ ముదురుట కలదు. దానిని తీసివేసినచో చూపు మెరుగగును. అయితే ఆ శస్త్రచికిత్సవలన కలుగు వాపు బొబ్బను కొంత మూయవచ్చును. కనుక శుక్లము తీయు వైద్యునికి కన్ను పూర్వము నీటికాసులకు కోయబడినదని తప్పక చెప్పవలెను. బొబ్బ పైరెప్ప చాటున నుండును, పెద్దలకు జ్ఞాపకముండదు, వైద్యశిబిరములలో తీరిక యుండదు. ఆసుపత్రివారు మొదట ఇచ్చిన కాగితమును భూమి పత్రములున్న పెట్టెలోనే దాచుట మంచిది.

ఇంటివారు గమనింపవలసిన గుర్తులు కొన్ని. శస్త్రచికిత్స జరిగి పదేండ్లయినను సరే, ఆ కన్ను ఎఱ్ఱబారి నొప్పిపెట్టినను, వెలుగును చూడలేకపోయినను, పుసి కట్టినను, చూపు హఠాత్తుగ తగ్గినను అదే దినము నేత్రవైద్యశాలకు తీసికొనిపోవలెను. ఉదయము లేచునప్పటికి దిండు తడిసియుండుట, ఒక కంటినుండియే నీరు కారుచుండుట బొబ్బ కారుటకు గుర్తు కావచ్చును. మన పల్లెలలో కన్ను ఎఱ్ఱబారినచో చనుబాలు పిండుటయు, ఆకు పసరు పోయుటయు నేటికిని పూర్తిగ పోలేదు. మామూలు కంటికే అది హాని. బొబ్బ గల కంటికి అది క్రిములను పిలిచి లోన కూర్చుండబెట్టుటయే. కన్ను నులుమరాదు. చెరువులలో, కాలువలలో తలముంచి స్నానము చేయరాదు. మందుల దుకాణమున అడిగి తెచ్చిన చుక్కలు వేసి రెండు దినములు చూతమనుట మరి ప్రమాదము.

సవరణ జరిగిన తరువాతి దినములను గూర్చి ముందే తెలిసికొన్నచో బెంగ తగ్గును. మితిమీరి పారుచున్న తూమును బిగించిన మొదటి దినములలో ఒత్తిడి ఒక్కసారిగ ముప్పదికి, అంతకు పైగ కూడ పోవచ్చును. అంతవరకు మూడు, నాలుగు అని విన్నవారికి ఈ అంకె భయము గొలుపును. వైద్యుడు దీనిని ఎదురుచూచియే యుండును. చుక్కలతోను, మాత్రలతోను దించును, అవసరమైనచో ఒక కుట్టును సడలించును. చాల కండ్లలో కొన్ని వారములలో ఇది తగిన స్థాయికి దిగివచ్చును. ఆ వారములలో రెండుమూడు దినములకొకసారి ఒత్తిడి చూడవలసియుండును గనుక, దూరపు గ్రామముల నుండి వచ్చినవారు శస్త్రచికిత్సకు ముందే ఆసుపత్రి యున్న ఊరిలో బంధువుల యింటనో, సత్రముననో బసకు ఏర్పాటు చేసికొని వచ్చుట వలన మధ్యలో తిరిగిపోవలసిన అవస్థ తప్పును.